వెండి దవడ పన్ను

మా బిల్డింగులో కరెంటు పోయిన రోజునే నేను ప్రేమలో పడ్డాను. పడినట్టు అప్పుడు తెలియదు. అప్పటికి నాకు తెలిసిందల్లా ఒక్కటే. ఫర్నేసులో ఓ బడి డ్రిల్లు మాస్టారి దవడ పన్ను సగం కాలి ఆగిపోయింది. దాన్ని సాయంత్రానికి అందించకపోతే మా డాక్టరు నా పళ్ళు రాలగొడతాడు.

నేను పళ్ళు చేస్తాను. డాక్టర్ని కాను. డాక్టరు కొలత తీసి పంపిస్తే, ఆ కొలతకు క్యాపులూ కట్టుడు పళ్ళూ తయారుచేసే ల్యాబు నాది. ల్యాబంటే పెద్దగా ఊహించుకోకండి. పై అంతస్తులో ఒక గది, ఒక కిటికీ, ఒక ఫర్నేసు, ఒక నేను.

"ఎవరండీ ఫ్యూజు కొట్టేసింది?" అని అరుస్తూ వరండాలోకి వచ్చాను. సరిగ్గా అప్పుడే ఎదుటి గది తలుపు తెరుచుకుంది.

ఆ గదిలోకి ఎవరో కొత్తగా దిగారని తెలుసు. గుమ్మం ముందు చెప్పులు చూశాను గాని మనిషిని చూడలేదు. ఇప్పుడు చూశాను. ముక్కు మీద మసి, జడలో దూర్చిన పెన్సిలు, నుదుటి మీద పట్టీతో కట్టుకున్న భూతద్దం. ఆ భూతద్దాన్ని కళ్ళ మీదికి దించి మరీ నన్ను పరీక్షగా చూసింది. నా జీవితంలో ఏ అమ్మాయీ నన్ను అంత పెద్దగా చేసి చూడలేదు.

"మీకూ ఫర్నేస్ ఉందా?" అంది.

"మీకు కూడానా?"

"నేను ముందు ఆన్ చేశాను."

"నేను ఈ బిల్డింగులోకే ముందొచ్చాను."

"అయితే? కరెంటు మీ పెట్టెలో పెట్టుకుని తెచ్చారా?"

నాకు వెంటనే జవాబు దొరకలేదు. నాకు మంచి జవాబులన్నీ ఇంటికెళ్ళి అన్నం తినేటప్పుడే దొరుకుతాయి.

ఈలోగా కింది నుంచి ఓనరాంటీ చేతిలో తడిగుడ్డతో పైకొచ్చింది. ఆవిడ చేతిలో తడిగుడ్డ లేకుండా నేనెప్పుడూ చూడలేదు. బిల్డింగులో ఎక్కడ ఏ మరక ఉన్నా ఆవిడకు నిద్రపట్టదు.

"పళ్ళబ్బాయ్! నగలమ్మాయ్! ఏంటీ గోల? నా మిక్సీ మధ్యలో ఆగిపోయింది."

"ఆంటీ, ఈయన ఫర్నేస్..."

"ఆంటీ, ఈవిడ ఫర్నేస్..."

"చాల్లే ఆపండి. ఈ మీటరు రెండు పొయ్యిలు మొయ్యదు. ఒక్కటే వాడుకోండి. కలిసి కాల్చుకుంటారో, కొట్టుకు చస్తారో మీ ఇష్టం." అని గోడ మీద నా చెయ్యి ఆనిన చోట ఓసారి తుడిచి దిగిపోయింది.

నా ఫర్నేసు కాస్త పెద్దది. అలా ఆ అమ్మాయి ట్రేలూ, బ్రష్షులూ, ఒక స్టూలూ మోసుకుంటూ నా గదికొచ్చింది. స్టూలు కూడా తెచ్చుకుందంటే నా కుర్చీ మీద ఎంత నమ్మకమో అర్థం చేసుకోండి.

* * *

పళ్ళకీ నగలకీ ఏం సంబంధమని మీకు అనిపించవచ్చు. పని ఒకటే. చెయ్యాల్సిన వస్తువును ముందు మైనంతో చేస్తాం. దాన్ని చిన్న ఇనుప గొట్టంలో నిలబెట్టి, చుట్టూ సిమెంటులాంటి తెల్లటి పిండి నీళ్ళతో కలిపి పోస్తాం. గట్టిపడ్డాక ఫర్నేసులో పెడితే మైనం కరిగి కాలిపోతుంది, లోపల అచ్చంగా దాని ఆకారంలో ఖాళీ మిగులుతుంది. కరిగిన లోహాన్ని ఆ ఖాళీలోకి పంపిస్తాం. నేను పంపించేది పళ్ళకు వాడే గట్టి లోహం. ఆమె పంపించేది వెండి.

"అయితే మనిద్దరం చేసేది ఒకటే పని" అన్నాను కలుపుగోలుగా.

"కాదు. మీరు చేసింది నోరు మూస్తే కనబడదు. నేను చేసింది కనబడాలి."

"నవ్వితే నాదీ కనబడుతుంది."

"దవడ పన్ను కనబడేలా నవ్వుతారా మీ పేషెంట్లు?"

దీనికి జవాబు కావాలంటే అన్నం వేళ దాకా ఆగాల్సిందే.

ఆ అమ్మాయి పని చేస్తుంటే చూడటం నాకు కొద్దిరోజుల్లోనే అలవాటైపోయింది. ఏ కంపెనీకీ పని చేయదు. బొమ్మ తనే గీస్తుంది, మైనం తనే చెక్కుతుంది, పోత తనే పోస్తుంది, మెరుగు తనే పెడుతుంది. విరిగిన గొడుగు ఊచ, తాళంకప్ప లోపలి స్ప్రింగు, చీమ తొలిచిన గింజ, ఏది దొరికినా తెచ్చి కిటికీలో పేర్చేది. మనకు చెత్తలా కనబడేది ఆమెకు చెవిపోగులా కనబడేది. ఎవరి నగలూ చూసి గీయగా నేను చూడలేదు.

ఓ మధ్యాహ్నం వాన పడి వెలిసింది. పోతకు లోహం కరిగించే హడావుడిలో నేనుంటే, ఆమె కిటికీ దగ్గర నిలబడి బయట బట్టలారేసే తీగను చూస్తోంది.

"ఇలా రండి. తొందరగా!"

పాము కనబడిందేమోనని పరుగెత్తాను.

"ఆ చినుకులు చూడండి. తీగకింద ఎలా వేలాడుతున్నాయో. రెండు దగ్గరైతే పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. అందుకే ఒకదానికొకటి కాస్త దూరంగా ఉన్నవే మిగిలాయి. నా గొలుసులో పూసల మధ్య ఎంత జాగా వదలాలో వారం నుంచి తేలట్లేదు. ఇదిగో, వానే కొలిచిచ్చింది."

చినుకులు చూడమంది కాబట్టి కాసేపు చినుకుల్ని చూశాను. తర్వాత చూడమనని వైపు చూశాను. కిటికీ వెలుతురులో ఆమె కళ్ళు తీగ వెంబడే ఒక చినుకు నుంచి ఇంకో చినుక్కి నడుస్తున్నాయి. లోకాన్ని అంత శ్రద్ధగా చూసే మనిషిని నేనంతవరకు చూడలేదు. ఆ శ్రద్ధలో పిసరంత నా మీద పెడితే చాలనిపించింది.

"మీ లోహం మాడిపోతోంది" అంది తల తిప్పకుండానే.

* * *

వాళ్ళ నాన్నగారిది మోటార్ల వైండింగ్ షాపు. కాలిపోయిన మోటారు తెస్తే లోపలి రాగి తీగంతా ఊడదీసి కొత్త తీగ చుట్టేవారు. ఆమె బడి నుంచి నేరుగా షాపుకెళ్ళి, బల్ల కింద కూర్చుని తెగిన రాగి తీగ ముక్కలతో ఉంగరాలు చుట్టుకునేదట.

"నాన్న చుట్టిన తీగ చూస్తే మతి పోతుందండీ. వరస మీద వరస, ఎక్కడా ఒకటి ఎక్కి కూర్చోదు. అంత అందంగా చుట్టి ఏం చేసేవారు? పైన మూత బిగించేసేవారు. ఎవ్వరూ చూసేవారు కాదు. నాకు ఏడుపొచ్చేది. అందుకే లోపల దాగిన తీగను తెచ్చి మనుషుల మెడలో వెయ్యాలనుకున్నా."

"ఆయన సంతోషించే ఉంటారు."

"మా నాన్నా? మీరు భలేవారే. ఆయన నోట్లోంచి బాగుంది అన్న మాట ఇప్పటిదాకా రాలేదు. ఏదైనా కనెక్షన్ ఇచ్చాక రెండుసార్లు లాగి చూస్తారు. ఊడకపోతే పక్కన పెడతారు. అదే మెచ్చుకోవడం."

అలా చెబుతూ తను అప్పుడే తగిలించిన కొక్కేన్ని రెండుసార్లు లాగి చూసుకుంది. తండ్రి అలవాటు తనకూ వచ్చిందని ఆమెకు తెలిసినట్టు లేదు.

ఆ మరుసటి వారం ఒక ఎగ్జిబిషన్ ఉంది. సొంతంగా నగలు చేసేవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక బల్ల, ఒక లైటు. ఆమె ప్రాణమంతా దాని మీదే ఉంది. దానికి కారణం కొంచెం ఆలస్యంగా చెప్పింది. పెద్ద షోరూమువాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. గీసినవన్నీ వాళ్ళ పేరు మీద వెళ్ళిపోతాయి, ఆమె పేరు ఎక్కడా ఉండదు. నాన్నకేమో ఉద్యోగమే నయమనిపించింది. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. ఎగ్జిబిషన్‌కు నాన్న వస్తారు. పెద్ద గొలుసు చూసి ఆయన ఒప్పుకుంటే సొంత పని. లేదంటే మర్నాడే షోరూము.

"ఆ గొలుసు మధ్యలో ఏం పెడుతున్నానో తెలుసా?"

అరచెయ్యి తెరిచి చూపించింది. మైనపు తీగతో చుట్టిన చిన్న చుట్ట. మోటారు లోపలి చుట్టలాగే ఉంది గాని పువ్వులానూ ఉంది. ఒక వరస మాత్రం సన్నగా వణికినట్టు వంకరపోయింది.

"నాన్న చుట్టారు. చేతులు వణకడం మొదలయ్యాక షాపు మూసేశారు. ఒకరోజు పొద్దున కాస్త నెమ్మదిగా ఉంటే, ఈ మైనపు తీగ చేతిలో పెట్టాను. మాట్లాడకుండా చుట్టి ఇచ్చేశారు. ఆ తర్వాత మళ్ళీ కుదర్లేదు."

"ఈ వంకర సరిచేయనా? వేడి సూదితో చిటికెలో అయిపోతుంది."

"ముట్టుకుంటే చంపేస్తా" అంది. సరదాగా అనలేదు.

* * *

ఆ చుట్టనీ, డ్రిల్లు మాస్టారి రెండో దవడ పంటి క్యాపునూ ఒకేరోజు గొట్టాల్లో పెట్టి పిండి పోశాం. నేనే చెప్పి కొనిపించడంతో ఆమె గొట్టాలూ నా గొట్టాలూ ఒకటే సైజు. అందుకని ఆమె గొట్టం మీద సుద్దతో పువ్వు గీసింది. నా దాని మీద పన్ను గీయమంటే బంగాళాదుంప గీసింది. రెండింటినీ వరండాలో ఆరబెట్టి, భోజనాలకెళ్ళి వచ్చాం.

వచ్చాక సుద్ద గీతలు లేవు. తడికి పోయాయేమో అనుకున్నాం. "కుడివైపుది నాది" అంది ఆమె. నాకూ అలానే గుర్తుంది. రెండూ ఫర్నేసులో పెట్టాం. నా లోహానికి వేడెక్కువ కావాలి కాబట్టి నాదనుకున్న గొట్టం ముందు తీసి పోత పోశాను. కాస్త చల్లబడ్డాక ఆమె తనదనుకున్న దానిలో వెండి పోసింది.

ఆమెకు ఆగే ఓపిక ఎక్కడిది? నీళ్ళ బక్కెట్లో ముంచి, తెల్లటి పొరను బ్రష్షుతో గబగబా తోమింది. చేతిలోకి తీసుకుంది. కదలకుండా నిలబడిపోయింది.

అరచేతిలో తళతళలాడుతూ ఒక వెండి దవడ పన్ను.

"మీ నాన్నగారు పళ్ళు కూడా చుట్టేవారా?" అన్నాను. నా జవాబులన్నీ ఆలస్యంగా వస్తాయని చెప్పాను కదా. ఆ ఒక్కటి మాత్రం రాకూడని సమయానికి పరుగెత్తుకొచ్చింది.

ఆమె ముఖం చూశాక సుత్తి తీసుకుని నా గొట్టం పగలగొట్టాను. నాన్నగారి చుట్ట ఉంది, ఒక్క వరసా చెదరలేదు, ఆ వణుకుతో సహా. కానీ పళ్ళ లోహంలో.

"మీ తీగ భద్రంగానే ఉందండీ."

"ఇది వెండికి అతుకుతుందా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "మన దగ్గరున్న టంకంతో అతకదు."

"మైనం కాలిపోయింది. ఇంకోటి లేదు. నాన్న చేతులు ఇప్పుడు చెంచా కూడా నిలబెట్టలేవు." ఆ మాట అనేసి స్టూలు మీద కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకుంది.

అప్పుడే ఓనరాంటీ టీ తెచ్చింది. సంగతి విని తడిగుడ్డ వైపు చూసుకుంది.

"ఆ గొట్టాల మీద ఎవరో పిచ్చి గీతలు గీస్తే శుభ్రంగా తుడిచి పెట్టాను. కింద కూడా ఊడ్చి, మళ్ళీ సర్దాను. తప్పాయేంటి?"

ఆంటీని ఏమనగలం? పాపం, ఆవిడ ముఖం కూడా వాడిపోయింది. ఆ రోజు మొదటిసారి తడిగుడ్డ మర్చిపోయి కిందికెళ్ళింది.

* * *

రెండు రోజులు ఎదుటి తలుపు తెరుచుకోలేదు. నేను డ్రిల్లు మాస్టారికి మళ్ళీ పన్ను చేసి పంపించాను. పని చేతులు చేస్తున్నాయి, చెవులు మాత్రం వరండాలోనే ఉన్నాయి.

మూడోనాడు వాన దంచి కొడుతుంటే తలుపు చప్పుడైంది. సగం తడిసి వచ్చింది.

"నా వెండి నాకిచ్చెయ్యండి. కరిగించుకుంటాను."

"అది పన్ను. నాది."

"డ్రిల్లు మాస్టారిది. మీది కాదు." అంటూ బల్ల మీద ఉన్న పన్నును లాక్కుంది. లాక్కుంటూ ఆగిపోయింది. బల్ల మీద నేను చేస్తున్న కట్టుడు పళ్ళ సెట్టును చూస్తోంది. చూపు అలా ఎక్కడైనా ఆగిందంటే అక్కడ ఆమెకేదో దొరికినట్టే అని అప్పటికి నాకు తెలుసు.

"ఇది నోట్లో ఎలా నిలుస్తుంది? అంటిస్తారా?"

"అంటించరు. అటూ ఇటూ చిన్న కొక్కేలున్నాయి చూడండి. పక్కనున్న సొంత పళ్ళను పట్టుకుంటాయి. కావాలంటే తీసుకోవచ్చు, పెట్టుకోవచ్చు."

సెట్టు తీసుకుని, మాదిరి దవడకు తగిలించింది. రెండుసార్లు లాగింది. ఊడలేదు.

"కొక్కేం దేంతో చేస్తారు?"

"అదే లోహం. మీ నాన్నగారి తీగ పోసింది కూడా దాంతోనే."

జడలోంచి పెన్సిలు వచ్చేసింది. కాగితం దొరక్క నా తెల్లకోటు చేతి మీదే గీసేసింది. "అతకడం ఎందుకు అసలు? చినుకుల్లా పూసలు అటు, ఇటు. మధ్యలో నాన్న చుట్ట. దాన్ని ఎవరూ అతకరు. రెండు వైపులా పూసలే చేతులు చాచి పట్టుకుంటాయి. కొక్కేల్ని దాచను. కనబడేలానే చేస్తాను. మీరు పోత పోస్తారా?"

"పోయమంటే నన్ను నేనే కరిగించి పోస్తాను."

"అంత వద్దు. లోహం చాలు" అంది గాని, పెదవి చివర ఏదో మెరిసింది. వెండి కాదది.

ఎగ్జిబిషన్ దాకా ఇద్దరం ఒకే బల్ల మీద పనిచేశాం. నేను ఎన్నో ఏళ్ళుగా ఆ కొక్కేలు చేస్తున్నాను. అవి నగలో ఉండే వస్తువులని నాకు తోచలేదు. ఆమె ఒక్కో కొక్కేన్ని భూతద్దంలో చూసి, "ఇది పట్టుకున్నట్టుంది, అది పీక నొక్కుతున్నట్టుంది" అనేది. పట్టుకోవడానికీ నొక్కడానికీ తేడా వచ్చేదాకా నాతో మళ్ళీ మళ్ళీ చేయించింది. విసుగు రాలేదా అంటారా? ఇంకా చేయించి ఉంటే బాగుండేదనిపించింది.

* * *

ఎగ్జిబిషన్ హాల్లో ఆమె బల్ల ఓ మూలకు వచ్చింది. లైటు కింద గొలుసు. పక్కన చిన్న కార్డు మీద ఆమె పేరు, దగ్గరికి వంగితే గాని కనబడనంత చిన్నగా.

నేను చూసింది గొలుసును కాదు. ఆమె మెడలో నల్లదారానికి తలకిందులుగా వేలాడుతున్న వెండి దవడ పన్నును. తిరగేస్తే బుల్లి గంటపువ్వులా ఉంది.

"అబ్బ, ఇదేం పువ్వమ్మా? ఇలాంటిది నాకూ కావాలి" అని ఒకావిడ అడిగింది.

"ఇది అమ్మనండీ."

ఆవిడ వెళ్ళాక మెల్లగా దగ్గరికెళ్ళాను. "కరిగిస్తానన్నారుగా?"

"అన్నాను."

"మరి?"

"నేను గీయకుండా, అనుకోకుండా నా చేతికొచ్చింది ఇదొక్కటే. అలాంటివి అమ్మను, కరిగించను. దాచుకుంటాను."

నా జీవితంలో మొదటిసారి జవాబు సమయానికి వచ్చింది. "నేను కూడా మీరు గీయకుండా, అనుకోకుండానే వచ్చాను. నన్ను కూడా దాచుకోకూడదూ?"

ఆమె నోరు తెరిచింది. అంతలో నా భుజం మీంచి చూసి మూసేసింది. "నాన్న!"

ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, వాళ్ళ నాన్నగారు వచ్చారు. నేరుగా గొలుసు ముందు నిలబడ్డారు. ఆమె నా పక్కన నిలబడి, నేను ల్యాబు నుంచి అలాగే వేసుకొచ్చిన తెల్లకోటు అంచును గుప్పెట్లో బిగించింది. ఆ గొలుసు కోసం ఎంత పాటుపడిందో కళ్ళారా చూసినవాణ్ణి. ఆయన నోటి మాట కోసం ఆమెకంటే నాకే ఎక్కువ దడగా ఉంది.

"ఇది వెండి కాదే" అన్నారు.

"కాదు నాన్నా. తారుమారైంది. పళ్ళకు వాడే లోహం." అంతా చెప్పేసింది. సుద్ద గీతలు, తడిగుడ్డ, పన్ను, ఏదీ దాచలేదు.

ఆయన గొలుసు చేతిలోకి తీసుకున్నారు. వేళ్ళతో పాటు పూసలూ వణికాయి. వంకరపోయిన ఆ ఒక్క వరస మీద బొటనవేలు ఆపారు.

"ఇది సరిచెయ్యలేదేం?"

"అది మీ చెయ్యి నాన్నా."

ఆయన ఆ వరస వెంట బొటనవేలిని చివరిదాకా నడిపించారు. తర్వాత చుట్టను ఒక చేత్తో, పూసల్ని ఒక చేత్తో పట్టుకుని లాగారు. ఒకసారి. ఇంకోసారి. కొక్కేలు పట్టు వదల్లేదు. గొలుసును లైటు కింద జాగ్రత్తగా పెట్టి, కార్డు మీదికి వంగి చూశారు.

"ఆ షోరూమువాళ్ళకు రానని చెప్పెయ్. ఈ పేరు ఇంత చిన్నగా రాస్తే ఎవరికి కనబడుతుంది? పెద్దగా రాయించు."

ఆమె ఏడుస్తూ నవ్వింది. దవడ పన్ను కనబడేంతగా నవ్వింది. నేను సాక్షిని.

"మెడలో ఆ గంటేంటి?" అన్నారాయన.

"గంట కాదు, పన్ను నాన్నా."

"ఎవరిది?"

ఆమె నా వైపు చూపించింది. ఆయన నన్ను కింది నుంచి పై దాకా చూశారు. "నీ పళ్ళన్నీ బాగానే ఉన్నాయిగా బాబూ?"

"ఉన్నాయండీ. కొక్కేలు పోసింది నేనేనండీ. ఆలోచన మాత్రం మొత్తం ఆవిడదే."

"నాన్నా, ఈయన నన్నో మాట అడిగాడు. మీరొచ్చేసరికి జవాబు ఆగిపోయింది" అంటూ ఆమె కోటు అంచు వదిలేసి నా చెయ్యి పట్టుకుంది. నాకేసి తిరిగి, మొదటిసారి మీరు అనడం మానేసి, "దాచుకుంటాను, పో" అంది.

ఆయన మా ఇద్దరి చేతుల్నీ చూశారు. వణుకుతున్న ఆ వేళ్ళతో నా మణికట్టు ఒకవైపు, ఆమె మణికట్టు ఒకవైపు పట్టుకున్నారు. రెండుసార్లు లాగి చూశారు.

ఊడలేదు.